సూపర్‌హీరో చిత్రాల సారథ్యం ఎవరికి దక్కుతుంది?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కామిక్స్ అంటే ప్రాణం. మార్వెల్, డీసీ వంటి స్టూడియోలో సూపర్‌హీరో చిత్రాలన్నింటికీ సారథ్యం వహించే స్థానానికి చేరాలన్నది నా ఆశయం. అందుకు దర్శకుణ్ణి కావాలా, ఎంబీఏ చేయాలా, లేక కామిక్స్ మీద నాకున్న పట్టు చాలునా?

జవాబు: ఈ మూడింటిలో ఏదీ మిమ్మల్ని నేరుగా ఆ పదవికి చేర్చదు, ఎందుకంటే అది ప్రధానంగా నిర్మాత పని. అనేక చిత్రాలు వేర్వేరు దశల్లో నడుస్తుండగా ఏ కథను ముందుకు తీసుకెళ్లాలో, ఏ స్క్రిప్టును తిరగరాయించాలో, ఏ దర్శకుడికి ఎంతవరకు స్వేచ్ఛ ఇవ్వాలో తేల్చి, ఆ నిర్ణయాలకు పెట్టుబడి పెట్టే యాజమాన్యాన్ని ఒప్పించగలిగినవారే అక్కడ నిలుస్తారు.

మార్వెల్ స్టూడియోస్ అధిపతి కెవిన్ ఫైగీ ఇంతవరకు ఒక్క సినిమాకూ దర్శకత్వం వహించలేదు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని సినిమా కళాశాల ఐదుసార్లు కాదన్న తర్వాతే ఆయనకు ప్రవేశం లభించింది. నిర్మాత లారెన్ షూలర్ డానర్ వద్ద సహాయకుడిగా పనిచేస్తూ, 2000లో విడుదలైన ఎక్స్-మెన్ చిత్రానికి అసోసియేట్ ప్రొడ్యూసర్ అయ్యారు. ఆ అవకాశం రావడానికి మార్వెల్ పాత్రల గురించి ఆయనకున్న పరిజ్ఞానం తోడ్పడింది. అయితే నా దృష్టిలో అసలైన శిక్షణ ఆ తర్వాతిది: అప్పటి మార్వెల్ స్టూడియోస్ అధిపతి అవీ అరాద్ కింద పనిచేస్తూ, తుది నిర్ణయం ఇతర స్టూడియోల చేతిలో ఉన్న చిత్రాలను దగ్గరనుండి గమనించిన కాలం. 2007లో నిర్మాణ విభాగం అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడాదే ఐరన్ మ్యాన్ వచ్చింది.

డీసీ అనుభవం వేరు. 2016లో అక్కడి చిత్రాల బాధ్యతను పేరున్న కామిక్స్ రచయిత జెఫ్ జాన్స్‌కు, వార్నర్ బ్రదర్స్ అధికారి జాన్ బర్గ్‌కు కలిపి అప్పగించారు. 2018లో ఆ బాధ్యత హారర్ చిత్రాల నుండి వచ్చిన వాల్టర్ హమాదాకు, 2022లో దర్శకుడు జేమ్స్ గన్, నిర్మాత పీటర్ సాఫ్రాన్‌ల జంటకు వెళ్లింది. జాన్స్ కంటే ఆ పాత్రలను ఎరిగినవారు అరుదు. అయినా ఆ ఏర్పాటు రెండేళ్లకు మించి నిలవలేదు (ఆ లోపమంతా ఆయనదే అనడం న్యాయం కాదు, పైనున్న యాజమాన్యం తొందర కూడా తక్కువేమీ కాదు). గన్ సృజనాత్మక వ్యవహారాలను, సాఫ్రాన్ నిర్మాణ, వ్యాపార వ్యవహారాలను చూసుకుంటున్న ప్రస్తుత పద్ధతి వివేకవంతమైనదే. కానీ 2025 నాటి సూపర్‌మ్యాన్‌ను గన్ స్వయంగా రాసి తీశారు. తన చిత్రాన్ని తానే నిష్పక్షపాతంగా బేరీజు వేయడం ఎవరికైనా కష్టం. నన్ను అడిగితే, దర్శకత్వ బాధ్యత లేని నిర్మాతకే పగ్గాలు ఇవ్వమంటాను.

కాబట్టి డిగ్రీ పూర్తయ్యాక నిర్మాణ సంస్థల్లో కథలను ఎంపిక చేసే విభాగంలో చిన్న ఉద్యోగమైనా సంపాదించండి. వచ్చిన స్క్రిప్టును చదివి, కథాసారాన్ని, మీ అభిప్రాయాన్ని ఒకటి రెండు పుటల్లో రాసివ్వడం అక్కడ తొలి పని. దాన్ని ఇప్పుడే సాధన చేయవచ్చు. మీకు నచ్చిన సుదీర్ఘ కామిక్ కథ ఒకటి తీసుకుని, రెండు గంటల సినిమాకు అందులో ఏ పాత్రలను వదిలేస్తారో, ఎందుకు వదిలేస్తారో రాయండి. దాన్ని కామిక్స్ ముట్టని మిత్రుడి చేత చదివించండి. ఎంబీఏ సంగతి కొన్నేళ్ల ఉద్యోగానుభవం తర్వాత, వ్యాపార వ్యవహారాల వైపు మొగ్గు కనిపిస్తేనే ఆలోచించండి.