రెండో ప్రపంచ యుద్ధంలో రావాల్సినంత పేరు రాని వీరుడు ఎవరు?

నా దృష్టిలో ఫిలిప్పీన్స్ గెరిల్లా దళాన్ని నడిపిన కెప్టెన్ హువాన్ పహోటా. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

నేను మనీలాలో ఎంబీబీఎస్ చదివాను. సెలవులొస్తే మనవాళ్లంతా బోరకాయ్ బీచ్‌కే పరుగు. చదువుకునే దేశం ఏ కష్టాలు పడిందో తెలుసుకుందామని ఒక్కరికీ ఉండదు, అదే నా బాధ. నేను మాత్రం కబనటువాన్ అనే ఊరికి బస్సెక్కాను. యుద్ధఖైదీల కోసం అక్కడ జపాన్ నడిపిన క్యాంపులో చనిపోయిన అమెరికన్ల పేర్లు స్మారకం గోడ మీద చెక్కి ఉన్నాయి. ఎండలో నిలబడి చాలాసేపు చదివాను.

1944 డిసెంబర్‌లో ఫిలిప్పీన్స్‌లోనే ఉన్న పలావన్ దీవిలో జపాన్ సైనికులు అమెరికన్ ఖైదీలను సజీవంగా తగలబెట్టారు. కబనటువాన్‌లోనూ అదే జరుగుతుందన్న భయంతో 1945 జనవరిలో ఖైదీలను విడిపించడానికి అమెరికన్ రేంజర్లు, అంటే మెరుపుదాడులు చేసే సైనికులు, బయలుదేరారు. వాళ్ల కల్నల్ మూసీ వెంటనే దాడి చేద్దామన్నాడు. పహోటా అడ్డుపడ్డాడు: దగ్గర్లో జపాన్ బలగాలు కదులుతున్నాయి, ఒక్కరోజు ఆగాలి. ఆ మాట వినబట్టే 500 మందికి పైగా ఖైదీలు బతికారని నేను గట్టిగా చెబుతాను.

ఆ ఒక్కరోజులో ఆయన చేసిన పనులు చూడండి. దారిలోని ఊళ్లలో కుక్కల మూతులు కట్టించాడు, కోళ్లను గూళ్లలో పెట్టించాడు. నడవలేని ఖైదీల కోసం దున్నపోతుల బండ్లు సిద్ధం చేయించాడు. కాపలావాళ్ల చూపు మళ్లేలా క్యాంపు మీద విమానం తిప్పమన్న ఆలోచన కూడా ఆయనదే.

జనవరి 30 రాత్రి రేంజర్లు క్యాంపు మీద దాడి చేస్తుంటే, దగ్గర్లోని కాబు వంతెన దగ్గర జపాన్ బెటాలియన్‌ను ఆపింది ఆయన గెరిల్లాలే. వాళ్లు పెట్టిన బాంబు పేలినా వంతెన కూలలేదు, పెద్ద కంత మాత్రం పడింది. ట్యాంకులు దాటలేకపోయాయి. సైనికులు అలలు అలలుగా దూసుకొచ్చినా గెరిల్లాలు చోటు వదల్లేదు. కొన్ని గంటల ముందే బజూకా (భుజం మీద పెట్టి రాకెట్ పేల్చే ఆయుధం) పట్టడం నేర్చుకున్న ఒక కుర్రాడు ట్యాంకులను పేల్చేశాడు!

ఈ కథ ఎక్కడ విన్నా ముందు రేంజర్ల పేర్లే వస్తాయి, గెరిల్లాలు ‘స్థానికుల సాయం’ అన్న రెండు మాటల్లో సర్దుకోవాలి. నాకు ఒళ్లు మండేది అక్కడే. పైగా 1946లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి మరీ తమ తరఫున పోరాడిన ఫిలిప్పినో సైనికులకు రావాల్సిన చాలా సౌకర్యాలు ఎగ్గొట్టింది. 2009లో అమెరికా పౌరులైనవాళ్లకు 15,000 డాలర్లు, కానివాళ్లకు 9,000 ఒక్కసారి ఇచ్చి ఊరుకున్నారు. అదే యుద్ధంలో, అదే జెండా కింద పోరాడినవాళ్లకు ఆ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.