మేం టూర్ పోయినప్పుడే పెయింటింగ్ అయిపోవాలె, కుక్కని పిల్లిని ఇంట్లనే ఉంచొచ్చా?

మీరు అడిగింది ఇది: ఎండాకాలం సెలవులల్ల పిల్లల్ని తీస్కొని శ్రీశైలం పోతున్నరు, మీరు లేనప్పుడే మిద్దె మీద సున్నం, లోపల పెయింటింగ్ అయిపోవాలె, కుక్కని పిల్లిని పనోళ్ల మీద వదిలేసి పోవచ్చా అని. నేనైతే వద్దే వద్దంట. ఇంటి పని వేరే పెట్టుకోండి, ప్రయాణం వేరే పెట్టుకోండి.

మాది మహబూబ్‌నగర్, మా ఆయనా నేనూ ఇద్దరం జాబ్ చేస్తం, ఏ పనైనా సెలవులల్లనే చేస్కోవాలె కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగ తెలుసు. మా టింకు గల్లీల దొరికిన కుక్క, పిల్లేమో మా అత్తమ్మ మంచం దిగదు. పెయింటింగ్ అంటే పొద్దంత గేటు తెరిచే ఉంటది, ఒకాయన నిచ్చెన తెస్తడు ఒకాయన చాయ్‌కి పోతడు, మనోళ్లు ఎవ్వరూ కనవడకపోతే కుక్క బెదిరిపోయి మనల్ని ఎతుక్కుంట రోడ్డెక్కుతది, దానికి పనోళ్లని అని ఏం లాభం, వాళ్లు వాళ్ల పని చూస్కుంటరు గాని కుక్కని చూస్తరా చెప్పండి.

మిద్దె మీద సున్నం మేమిద్దరమే వేసుకుంటం, ఈ ఎండలకు అది మాత్రం తప్పకుండ చేయించండి, పైన తెల్లగుంటే రాత్రి పండుకున్నప్పుడు స్లాబ్ సెగ తగ్గింది మనకే తెలుస్తది (మన తెలంగాణల 2023ల మిద్దెలు చల్లగుంచెటందుకు కూల్ రూఫ్ పాలసీ కూడా వచ్చింది, 600 గజాల లోపు ఇండ్లకు కంపల్సరీ కాదు, అయినా వేసుకోవాలె). కాని సున్నం రాళ్లు డ్రమ్ముల వేసి నీళ్లు పోసినంక ఒకసారి చూడండి, కాసేపటికే కుతకుత ఉడుకుతది, పొగలు లేస్తది, చిట్లి మీద పడ్తే చర్మం కాలుతది. కుక్క ఊకుంటదా, ఏందో చూద్దామని మూతి పెడ్తది. కండ్లల్ల పడ్డదంటే చూపుకే మోసం. చల్లారినంక కూడా సున్నం సున్నమే, ఆరేదాక దాని మీద నడిస్తే కాళ్ల కింద మెత్తలు పగులుతయ్, మళ్ల అవే నాకుతది. అందుకే మేం రాత్రే మిద్దె మీద నానవెట్టి మెట్ల తలుపుకు గడియ పెడ్తం, పొద్దుగాల ఎండ రాకముందే స్లాబ్ తడిపి ఒక కోటు, అది ఆరినంక అడ్డంగ ఇంకో కోటు. కాలిన స్లాబ్ మీద పొడిగ వేస్తే మాత్రం పిండి లెక్క రాలిపోతది. మా ఆయన పైన ఉంటే నేను కింద టింకుతోటి, ఇద్దరం ఒక్కసారే పైకి ఎక్కం.

లోపల ఎనామిల్ వేసేటప్పుడు పిల్లితోనే పరేషాన్. తడి తలుపుకు రాసుకుంటది, తోక కంటుకుంటది, ఇగ నాకుడు మొదలుపెడ్తది. అప్పుడు టర్పెంటైన్ గాని కిరోసిన్ గాని అస్సలు ముట్టియ్యొద్దు, అది రంగు కంటే పెద్ద విషం. వంటనూనె రాసి బట్టతోటి తుడిచి, సబ్బు నీళ్లతోటి కడగాలె, అప్పటిదాక నాకనియ్యొద్దు. అన్నిటికంటే మంచిది ఏందంటే ఒక్కో రూమ్ చేస్కుంట పోవుడు, పిల్లిని ఆఖరికి చేసే రూమ్‌ల పెట్టి, పాత టబ్బుల ఇసుక పోసి, వాసన పోయేదాక అక్కడనే ఉంచుడు.

ఇగ టూర్ సంగతి. కుక్కని కార్ల వేస్కపోదాం అనుకుంటున్నరేమో, శ్రీశైలానికి వద్దు. మన్ననూరు దాటినంక అంత అమ్రాబాద్ టైగర్ రిజర్వే, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక బండ్లను పోనియ్యరు, లేట్ అయితే చెక్‌పోస్ట్ దగ్గరనే ఆగాలె. గుడి కాడ లైన్‌ల నిలవడితే కుక్క ఎక్కడుండాలె? ఎండల ఆపిన కారు అద్దం జర దింపినా లోపల నిమిషాలల్లనే పొయ్యి అయితది, కుక్క పానం పోతది.

కుక్కకు మనుషులు ముఖ్యం, పిల్లికి ఇల్లు ముఖ్యం. మేం ఎటు పోయినా టింకుని జడ్చర్లల మా ఆడబిడ్డ ఇంట్ల దింపిపోతం, వాళ్ల పిల్లలంటే వానికి పానం, వాడు పండుకునే పాత దుప్పటి కూడా పంపుతం. పిల్లి మాత్రం ఇంట్లనే, పక్కింటి వదినె రెండు పూటలా వచ్చి నీళ్లు మార్చి అన్నం పెట్టి కాసేపు కూసోని పోతది. మీకు గిట్ల ఎవ్వరూ లేకపోతే పెద్దోళ్లల్ల ఒకరు ఆగిపోండి, లేదంటే రెండు రోజుల ట్రిప్పే వేసుకోండి, పిల్లలకు మా మహబూబ్‌నగర్ కాడి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి, చూపెట్టినా సంతోషమే.

పోయే ముందల కుక్క ఒంటి మీద గోమార్లు (రక్తం తాగే పురుగులు) ఉన్నయేమో చూసి తీయండి, రేబిస్ టీకా ఉన్నదో లేదో చూడండి. మొదటిసారి వేయిస్తే పనిచేసెటందుకు మూడు వారాల దాక పడ్తది, కాబట్టి ఆఖరి రోజు ఉరుకొద్దు. (జులై 6న పశువుల దవాఖానలల్ల ఫ్రీగ వేస్తరు గాని మీ ఎండాకాలం టూర్‌కి అది అందదు.) టీకా కార్డు, డాక్టర్ నంబర్ చూసుకునేటోళ్ల చేతిల పెట్టండి. ఒక్క మాట గట్టిగ చెప్పిపోండి, పిల్లి డల్‌గ ఉందని ఇంట్లున్న పారాసిటమాల్ గోలి వెయ్యొద్దని. చిన్న ముక్క వేసినా అది పిల్లిని చంపుతది.