రెటరిక్ అంటే వాగాడంబరమేనా?

సందేహం: "నాయకుల రెటరిక్ శ్రుతి మించింది" అని పత్రికల్లో చూస్తున్నాం. దీన్ని కొందరు 'వాగాడంబరం' అనీ, కొందరు 'అలంకారశాస్త్రం' అనీ తెలుగు చేస్తున్నారు. ఏది ఒప్పు? దానితోపాటు వచ్చే ఈథోస్, పేథోస్, లోగోస్ అనే మాటలకు తెలుగేమిటి? (ఒక డిగ్రీ విద్యార్థిని)

సమాధానం: మీరు చూపిన పత్రికా వాక్యంలో 'వాగాడంబరం' సరిపోతుంది. అక్కడ చెప్పదలచుకున్నది పస లేని మాటల మోత. ఆడంబరమంటే పాత సంస్కృతంలో ఒక రకం భేరి కూడా, కాబట్టి ఆ మోత మాటలోనే ఉంది. ఈ నింద కొత్తదీ కాదు. ప్లేటో 'గోర్గియస్' సంభాషణలో సోక్రటీస్ రెటరిక్‌ను, అంటే మాటతో ఒప్పించే విద్యను, వంటపనితో పోలుస్తాడు: వైద్యం ఒంటికి మేలు చేస్తుంది, వంట నాలుకకు నచ్చితే చాలనుకుంటుంది అని. అయితే ఒక శాస్త్రానికి దాన్ని తిట్టిన మాటనే పేరుగా పెట్టడం న్యాయం కాదు.

'అలంకారశాస్త్రం' ఇంకో రకం చిక్కు. మనవాళ్ల అలంకారశాస్త్రం కావ్యాన్ని గురించినది. అరిస్టాటిల్ కావ్యానికీ వక్తృత్వానికీ విడివిడిగా రెండు గ్రంథాలు రాశాడు. వక్తృత్వ గ్రంథంలోని మూడు సంపుటాల్లో శైలి, రూపకం వంటివి వచ్చేది మూడోదాని మొదటి 12 అధ్యాయాల్లోనే. మిగతాదంతా వాదాలు, శ్రోతల మనఃస్థితులు, ప్రసంగ భాగాల అమరిక. ఏ విషయంలోనైనా ఒప్పించడానికి వీలున్న దారులేమిటో చూడగలిగే శక్తి అని ఆయన నిర్వచనం. ఒప్పించి తీరాలని అనలేదు. వైద్యం పనీ అంతే, ఆరోగ్యం తెచ్చి తీరడం కాదు, వీలైనంత దూరం రోగిని ఆ దారిన నడపడం అని ఆయనే పోలిక చెప్పాడు. గ్రీకులో రేతోర్ అంటే సభలో లేచి మాట్లాడేవాడు, అతని విద్య రేతొరికే. కనుక 'వక్తృత్వశాస్త్రం' అంటే దగ్గరగా ఉంటుంది.

ఇక మీరడిగిన మూడు మాటలు. ఒప్పించడానికి అరిస్టాటిల్ చూపిన మూడు దారుల పేర్లివి: వక్త నడవడి, వినేవారి ఉద్వేగం, వాదం. ముందు ఈథోస్. ఇది ఇంగ్లీషు నోట్లో నలిగి మన దగ్గరికి వచ్చిన రూపం. గ్రీకు అక్షరమాలలో ఎ, ఏలకు వేర్వేరు అక్షరాలున్నాయి (ఎప్సిలాన్, ఏటా). ఒ, ఓలకూ ఉన్నాయి (ఒమిక్రాన్, ఓమెగా). మనకూ ఉన్నాయి. ఇంగ్లీషు రాతలో ఆ తేడా చూపే అక్షరాలు లేవు, సంస్కృతంలో హ్రస్వ ఎ, ఒలే లేవు. పైగా అరిస్టాటిల్ నాటి ఏథెన్సులో ఈ మాటలో ఉన్న 'థీటా' అనే హల్లును ఒత్తి పలికేవారు, అచ్చంగా మన 'థ'. ఇన్ని సౌకర్యాలు చేతిలో ఉంచుకుని ఈథోస్, పేథోస్ అని రాయడం నాకు బాధగా ఉంటుంది. అసలు రూపాలు ఏథొస్, పథొస్, లొగొస్.

ఇది అక్షరాల పట్టింపు మాత్రమే కాదు. గ్రీకులో 'ఎథొస్' వేరు, 'ఏథొస్' వేరు. మొదటిది అలవాటు, రెండోది స్వభావం. అరిస్టాటిల్ నీతిశాస్త్రం రెండో సంపుటం మొదట్లోనే, శీలానికి సంబంధించిన సద్గుణం అలవాటు వల్ల వస్తుందనీ, దాని పేరు కూడా 'ఎథొస్' నుంచి కొద్ది మార్పుతో వచ్చిందనీ అంటాడు. ఆ కొద్ది మార్పు ఒక్క దీర్ఘం. 'ఈథోస్' అని రాసేవారు ఈ వాక్యాన్ని తెలుగులో ఎలా చెబుతారు?

ఇంకా వెనక్కి వెళితే గ్రీకు మహాకవి హోమర్ ఉన్నాడు. 'ఇలియడ్' ఆరో సర్గలో ట్రాయ్ రాజకుమారుడు పారిస్ యుద్ధానికి పరుగెత్తడాన్ని వర్ణిస్తూ, గాట్లో తిని బలిసిన గుర్రం కట్టు తెంచుకుని, మెడ ఎత్తి, జూలు భుజాల మీద ఎగురుతుండగా, తాను అలవాటుపడ్డ చోట్లకూ మేతబీడుకూ దౌడు తీసిందంటాడు. ఆ అలవాటుపడ్డ చోట్లకు ఆయన వాడిన మాట 'ఏథెఅ', మన ఏథొస్‌కు బహువచనం. గుర్రం పదేపదే వెళ్లే చోటు కాస్తా మనిషి మనసు పదేపదే పోయే దారి అయింది. తెలుగులో 'నడచు' నుంచి నడత, నడవడి పుట్టిన తీరు గుర్తుకొస్తుంది.

సంస్కృతంలో దీనికి సరిగ్గా అమరేది 'శీలం'. దానశీలుడంటే ఇవ్వడం అలవాటై, అదే స్వభావమైనవాడు. వ్యాకరణంలో తాచ్ఛీల్యమన్నా ఇదే అర్థం. ఇంత విశాలమైన మాటను కుదించి ఆడవాళ్ల శీలపరీక్షకు పరిమితం చేసిన పాపం సినిమాలదీ వార్తలదీ. అందుకే తరగతి గదిలో 'శీలం' అంటే పొరపాటు పడతారనుకుంటే 'నడవడి' అనండి.

'విశ్వసనీయత' అనడం మాత్రం అంత నప్పదు. అది నడవడి వల్ల కలిగే ఫలితం. 'పేరుప్రతిష్ఠలు' అసలే కాదు. వక్త మీద నమ్మకం ప్రసంగంలోంచే పుట్టాలి గాని ముందునుంచీ ఉన్న అభిప్రాయంలోంచి కాదని అరిస్టాటిల్ స్పష్టంగా చెప్పాడు. నాటి ఏథెన్సు న్యాయస్థానాన్ని చూస్తే ఆ షరతు బలం తెలుస్తుంది. వాదించే వకీలు ఉండడు, కక్షిదారే మాట్లాడాలి. 5000 ద్రాక్మాలు (నాటి వెండి నాణేలు) మించిన దావాలో మొదటి ప్రసంగానికి నీటిగడియారంలో పోసేది 10 ఖోయిల (ఖోయి ఒక ద్రవకొలత) నీళ్లు, రెండోదానికి 3. తవ్వకాల్లో దొరికిన మట్టి గడియారంలో 2 ఖోయిలు, అంటే సుమారు 6.4 లీటర్లు పడతాయి, ఆరు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆ లెక్కన 10 ఖోయిలంటే అరగంట. చట్టాలూ సాక్ష్యాలూ చదివించేటప్పుడు నీటిధార ఆపేవారు. ఆ అరగంటలో వందలమంది న్యాయనిర్ణేతలు తనను నమ్మాలి. లిసియస్ వంటివారు డబ్బు తీసుకుని ప్రసంగం రాసిచ్చేవారు, కాని కక్షిదారు ఎలాంటివాడో అలాంటి మాటే రాసేవారు. మాట కృతకంగా వినిపిస్తే కల్తీ మద్యాన్ని అనుమానించినట్టే శ్రోతలు అనుమానిస్తారని అరిస్టాటిల్ హెచ్చరిక. ఆ నడవడిలో ఆయన చూసినవి మూడు: వివేకం, సద్గుణం, వినేవారి మేలు కోరడం.

పథొస్ అంటే వినేవారిలో కలిగే ఉద్వేగం. వక్త ఊగిపోవడానికి మనవాళ్లు వాడే 'ఆవేశం' ఇక్కడ పనికిరాదు. లొగొస్‌కు ఈ సందర్భంలో 'వాదం' చాలు. ఈ మూడింటికీ కలిపి ఉన్న పేరు 'పిస్తిస్': నమ్మకమూ అదే, నమ్మించే ఆధారమూ అదే. దీనికి ఒక్క తెలుగు మాట నాకు తృప్తిగా తట్టలేదు. సందర్భాన్నిబట్టి రెండూ వాడుకోవచ్చు.

ప్లేటో, అరిస్టాటిల్, ఏథెన్స్ ఇంగ్లీషు దారిన వచ్చినవే అయినా రూఢి అయ్యాయి, వాటిని కదపనక్కర్లేదు. ఏథొస్ ఇంకా రూఢి కాలేదు గనుక ఇప్పుడే సరిగా రాయవచ్చు. హలంతం తెలుగుకు పొసగదనుకుంటే 'ఏథొస్సు' అన్నా అభ్యంతరం లేదు. 'కథ'ను 'కధ' అని రాసే చేత్తో 'ఏధోస్' అని మాత్రం రాయకండి.