డబ్బు సందేహాలు: నెట్ సెంటర్‌లో క్రిప్టో బోర్డు పెట్టొచ్చా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం క్రిప్టో గురించే. ఏ కాయిన్ కొనాలి, ఎప్పటికి రెట్టింపవుతుంది అని అడిగినవాళ్ళకి ఇక్కడ జవాబు దొరకదు. నేను గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని పన్ను రిటర్నులు వేసుకునే మనిషిని, జాతకాలు చెప్పే మనిషిని కాదు. మిగిలిన వాటిలో నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను.

ప్రశ్న: మా మనవడు ఫోన్లో తన బిట్‌కాయిన్ చూపించాడు. తెర మీద అంకె తప్ప నాకేమీ కనపడలేదు. ఇంతకీ క్రిప్టోకరెన్సీ అంటే ఏమిటి? అది ఎక్కడ ఉంటుంది? ప్రభుత్వం ఒప్పుకున్నదేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బాపట్ల

జవాబు: మాస్టారూ, అంకె తప్ప ఏమీ కనపడలేదంటే మీరు సరిగ్గానే చూశారు. అక్కడ ఉన్నది అంకే.

మీ పొలం మీదేనని చెప్పేది రెవెన్యూ రికార్డులో ఒక వరస. ఆ రికార్డు తహసీల్దారు చేతిలో ఉంటుంది, ఆయన ఒప్పుకుంటేనే పేరు మారుతుంది. బిట్‌కాయిన్ కూడా ఒక లెక్కల పుస్తకంలో వరసే. కాకపోతే దానికి తహసీల్దారు లేడు. ఒకే పుస్తకం ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఉంటుంది. సుమారు పది నిమిషాలకోసారి అన్నిటిలోనూ ఒక కొత్త పేజీ చేరుతుంది, దాన్నే బ్లాక్ అంటారు. ఒక కంప్యూటర్లో ఎవరైనా లెక్క దిద్దితే మిగతావి ఒప్పుకోవు. అందులో మనుషుల పేర్లుండవు. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి చిరునామాలుంటాయి. ఒక చిరునామాలో ఉన్నదాన్ని ఇంకో చిరునామాకి రాయాలంటే దానికి సంబంధించిన రహస్య సంఖ్య కావాలి. అదే ప్రైవేట్ కీ. దాన్ని మనం రాసుకోవడానికి వీలుగా, ఆ కీలు దాచే వాలెట్ యాప్‌లు 12 లేదా 24 మామూలు ఇంగ్లీషు మాటలు ఇస్తాయి. ఆ మాటలు ఎవరి చేతిలో ఉంటే కాయిన్లు వాళ్ళవే. పోగొట్టుకుంటే అర్జీ పెట్టుకోవడానికి ఆఫీసంటూ లేదు.

ఇదంతా సతోషి నకమోటో అనే పేరుతో 2008 అక్టోబరు 31న బయటికి వచ్చిన తొమ్మిది పేజీల పత్రంతో మొదలైంది. ఆ పేరు వెనక ఉన్నదెవరో ఇప్పటికీ తేలలేదు. మొదటి బ్లాక్ తేదీ 2009 జనవరి 3. మొత్తం 2.1 కోట్ల బిట్‌కాయిన్లకు మించి పుట్టవు. ఒక్కోదాన్ని పది కోట్ల ముక్కలు చేయొచ్చు కనుక మీ మనవడు పాకెట్ మనీతో కూడా కొనగలడు. బిట్‌కాయిన్ తర్వాత వేల రకాలు వచ్చాయి. వాటిలో యూఎస్‌డీటీ పేరు ఈ పేజీలో మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి. డాలరు విలువ దగ్గరే నిలబెడతామని చెప్పి ఒక కంపెనీ జారీ చేసే కాయిన్ అది.

మనవడు ఎక్స్‌ఛేంజి యాప్‌లో, అంటే కాయిన్లు కొనిపెట్టే, అమ్మిపెట్టే కంపెనీ యాప్‌లో కొని ఉంటే కీ అతని దగ్గర లేదు, కంపెనీ దగ్గర ఉంది. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్‌ఛేంజి నుంచి హ్యాకర్లు సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన కాయిన్లు ఎత్తుకుపోయారు. ఆ తర్వాత ఖాతాదారులు తమ యాప్‌లో అంకెలు చూసుకోగలిగారు గానీ, వాటిని తీసుకోవడానికి చాలాకాలం వీల్లేకుండా పోయింది. ఇంట్లో ఈ సంగతి ఒకసారి మాట్లాడండి.

ప్రభుత్వం సంగతంటారా, మన దేశంలో ఇది రూపాయిలాగా చెల్లుబాటయ్యే డబ్బు కాదు, అలాగని నిషేధమూ లేదు. బ్యాంకులు క్రిప్టో జోలికి పోవద్దని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో సర్క్యులర్ ఇస్తే, సుప్రీంకోర్టు 2020 మార్చిలో దాన్ని కొట్టేసింది. 2022 నుంచి లాభం మీద పన్ను పడుతోంది. రిజర్వు బ్యాంకు సొంతంగా తెచ్చిన డిజిటల్ రూపాయి వేరు. రెండూ ఒకటేనని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రశ్న: నాకు జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. పాన్ దరఖాస్తులు, కాలేజీ అడ్మిషన్లు, కరెంటు బిల్లులు చేస్తుంటాను. రోజూ ఎవరో ఒక కుర్రాడు వచ్చి క్రిప్టో కొనిపెట్టమంటున్నాడు. వాళ్ళు నాకు ఫోన్‌పే చేస్తే నా అకౌంట్లో కొని వాళ్ళకి పంపి 2 శాతం తీసుకుందామని, ‘క్రిప్టో సేవలు లభించును’ అని ఫ్లెక్సీ పెడదామని ఆలోచన. ఒకాయనైతే యూఎస్‌డీటీ మార్చిపెడితే రోజుకి రెండు వేలు ఇస్తానంటున్నాడు. చట్టరీత్యా ఏమైనా ఇబ్బందా?
– పేరు వద్దన్న పాఠకుడు, తెనాలి

జవాబు: ఫ్లెక్సీ ఆర్డరివ్వకముందే రాశారు, సంతోషం. ఆ రెండు వేల ఆయనకి మాత్రం ఈ రోజే కుదరదని చెప్పేయండి.

ఆ పని ఎలా జరుగుతుందో చూడండి. వేరే రాష్ట్రంలో ఎక్కడో ఒక పెద్దాయనకి వీడియో కాల్ వస్తుంది. పోలీసు డ్రెస్సులో ఉన్నవాడు ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించి డబ్బు వేయించుకుంటాడు. ఆ డబ్బు గంటలో నాలుగైదు ఖాతాలు మారి, చిన్న చిన్న ముక్కలై, ఒక ముక్క మీ ఖాతాలో పడుతుంది. మీరు దానికి సరిపడా యూఎస్‌డీటీ పంపేస్తారు. అది దేశం దాటిపోతుంది, వెనక్కి రాదు. పెద్దాయన సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. పోలీసులు డబ్బు నడిచిన దారి పట్టుకుని ఒక్కో ఖాతా ఆపుకుంటూ వస్తారు. యూఎస్‌డీటీ వెళ్ళిన చిరునామాకి పేరు లేదు. మీ ఖాతాకి పేరు, పాన్, ఆధార్, షాపు అడ్రసు అన్నీ ఉన్నాయి. ఆయన రోజూ ఇచ్చే రెండు వేలు మీ కష్టానికి కాదు, మీ ఖాతాకి అద్దె.

మొబైల్ రీచార్జ్ షాపు నడుపుకునే మా క్లయింటు ఒకాయన ఇలాగే ఇరుక్కున్నాడు. వివాదంలో ఉన్నది 9,400 రూపాయల లావాదేవీ ఒక్కటే. బ్యాంకువాళ్ళు ఆపింది మాత్రం ఖాతా మొత్తాన్ని. షాపు అద్దె చెక్కు బౌన్సయింది. బ్యాంకుకి పోతే మెయిల్ చూపించారు, అది పంపింది రాజస్థాన్‌లో ఒక సైబర్ పోలీస్ స్టేషను. ‘మా చేతుల్లో లేదు, అక్కడే మాట్లాడుకోండి’ అన్నారు. ఆ కాయిన్లు ఎవరికి పంపావయ్యా అంటే ఆయన దగ్గర ఉన్న ఆధారమల్లా ‘అందింది బ్రో’ అనే వాట్సాప్ మెసేజ్, దాని పక్కన ఒక సినిమా హీరో డీపీ. ఖాతా తెరిపించుకోవడానికి లాయరుకీ రైలు టికెట్లకీ పెట్టిన ఖర్చు, ఆయన కమీషన్ మీద సంపాదించిన దానికంటే చాలా ఎక్కువ.

ఇక మీ 2 శాతం ఆలోచన. మీ కుర్రాళ్ళు మంచివాళ్ళే అనుకుందాం, అయినా కుదరదు. 2023 మార్చి 7 నాటి నోటిఫికేషన్‌తో మనీ లాండరింగ్ నిరోధక చట్టం క్రిప్టోకీ వచ్చింది. వేరేవాళ్ళ తరఫున వ్యాపారంగా కాయిన్లు రూపాయలుగా మార్చినా, రూపాయలు కాయిన్లుగా మార్చినా, బదిలీ చేసినా, వాళ్ళ కాయిన్లు గానీ కీలు గానీ దాచిపెట్టినా మీరు ఆ చట్టం కిందికి వస్తారు. అనుమానాస్పద లావాదేవీల మీద కన్నేసే కేంద్ర సంస్థ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో రిజిస్టర్ కావాలి, ప్రతి కస్టమరుకీ కేవైసీ, అంటే గుర్తింపు కాగితాలు, ఉండాలి, రికార్డులు దాచాలి, అనుమానం వచ్చిన లావాదేవీలు తెలియజేయాలి. ‘నాది చిన్న షాపు కదా’ అంటే చట్టంలో షాపు సైజు రాయలేదు. రిజిస్టర్ కాకుండా ఇక్కడ వ్యాపారం చేసినందుకు బైనాన్స్ అంతటి పెద్ద విదేశీ ఎక్స్‌ఛేంజికే 2024 జూన్‌లో 18.82 కోట్ల రూపాయల జరిమానా పడింది. పైగా మీ అకౌంట్లో కొన్నది మీ పాన్ మీద నమోదవుతుంది. రేపు ఆదాయపు పన్ను వాళ్ళు అడిగేది మిమ్మల్ని, ఫోన్‌పే కొట్టి వెళ్ళిపోయిన కుర్రాణ్ణి కాదు.

పదిమంది దగ్గర డబ్బు పోగేసి ‘నెలకింత ఇస్తాను’ అనే ఆలోచన రానే రానివ్వకండి. దానికి అనుమతి లేని డిపాజిట్లను నిషేధించే 2019 నాటి చట్టం వేరే ఉంది. గెయిన్‌బిట్‌కాయిన్ అనే స్కీమువాళ్ళు నెలకి 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని జనాన్ని చేర్చారు. అది సీబీఐ కేసుదాకా వెళ్ళింది.

మరి బోర్డు పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదా అంటే, మిగిలింది. నేను చూసేది ఒక్కటే: కస్టమరు డబ్బు మీ ఖాతాలోకి రాకూడదు, కాయిన్ మీ వాలెట్లోకి రాకూడదు, ఆ 12 మాటలు మీ కంట పడకూడదు. ఈ మూడింటి అవసరం లేని పని ఏదైనా మీరు పాన్ దరఖాస్తుకి తీసుకున్నట్టే చార్జీ తీసుకుని చేయొచ్చు. రిజిస్టరయిన ఎక్స్‌ఛేంజి ఏదో చూసి చెప్పడం, కస్టమరు ఫోన్లోనే, అతని పాన్‌తోనే ఖాతా తెరవడానికి పక్కన కూర్చుని సాయం చేయడం అలాంటివే. ఓటీపీ అతనే కొట్టాలి. రిఫరల్ కోడ్ మీద కంపెనీ మీకు కమీషన్ ఇస్తుంటే ఆ మాట కస్టమరుకి ముందే చెప్పండి, మీ ఆదాయంలోనూ చూపండి.

నిజంగా డబ్బులొచ్చేది మాత్రం పన్ను లెక్కల పనిలో. ఈ కుర్రాళ్ళకి దీని మీద అవగాహన సున్నా. ఉదాహరణకి ఒకడు ఒక కాయిన్ లక్షకి కొని లక్షన్నరకి అమ్మాడు, 50,000 లాభం. అదే ఏడాది ఇంకో కాయిన్‌లో 40,000 నష్టం. చేతిలో మిగిలింది పదివేలు. పన్ను పదివేల మీద వేస్తారనుకుంటాడు. వేయరు. నష్టం ఒక్క రూపాయి కూడా తీసివేయకుండా 50,000 మీద 30 శాతం, అంటే 15,000. దాని మీద 4 శాతం సెస్ 600. మొత్తం 15,600. పదివేలు మిగిలినవాడు పదిహేను వేల ఆరు వందలు కట్టాలి. ఎక్స్‌ఛేంజి ఫీజు, దాని మీది జీఎస్టీ కూడా ఖర్చు కింద ఒప్పుకోరు. ఆ నష్టాన్ని వచ్చే ఏడాదికి జరుపుకోవడానికీ లేదు. ఇది అన్యాయం కాదా అంటే, నా లెక్కలో అన్యాయమే. అయినా కట్టాల్సిందే.

కాబట్టి ఏడాది లావాదేవీల స్టేట్‌మెంటు డౌన్‌లోడ్ చేసివ్వడం, కొన్న తేదీ, అమ్మిన తేదీ, ధర వరసగా ఎక్సెల్‌లో వేయడం, ఎక్స్‌ఛేంజి కోసుకున్న 1 శాతం టీడీఎస్, ఆదాయపు పన్ను పోర్టల్లో ఉండే వార్షిక సమాచార పట్టిక ఏఐఎస్‌లో కనపడుతోందో లేదో సరిచూడటం మొదలుపెట్టండి. క్రిప్టో ఆదాయం ఉంటే ఐటీఆర్-1 పనికిరాదు, 2 గానీ 3 గానీ వేయాలి. అందులో వీడీఏ షెడ్యూల్ ఉంటుంది. వీడీఏ అంటే వర్చువల్ డిజిటల్ ఆస్తి, పన్ను చట్టం క్రిప్టోకి పెట్టిన పేరు. జులైలో మా ఆఫీసు కుర్రాళ్ళు ఈ ఎక్సెల్ షీట్ల దగ్గరే నలిగిపోతారు. తయారు చేసిన షీటు పట్టుకొచ్చే క్లయింటంటే మాకు పండగే. మీ ఊళ్ళో ఏ ఆడిటరునైనా అడగండి, పని ఇస్తారు. మోసపోయి వచ్చినవాళ్ళకి సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నింపిపెట్టడం కూడా మంచి సేవే. ముందు 1930కి ఫోన్ చేయించి తర్వాత ఫారం నింపండి, గంట ఆలస్యమైనా డబ్బు చెయ్యి మారిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం కస్టమరు బతిమాలినా మెత్తబడకండి. 12 మాటలు రాసుకున్న కాగితం తెచ్చి ‘అన్నా, దీనికి లామినేషన్ చెయ్యి’ అంటారు. ఇంకొకడు ఫొటో తీసి షాపు వాట్సాప్‌కి పంపి ప్రింటు ఇమ్మంటాడు. ఆ ఫొటో మీ ఫోన్ గ్యాలరీలో, వాట్సాప్ వెబ్ తెరిచిపెట్టిన మీ సిస్టంలో, దాని డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉండిపోతుంది. ఆ సిస్టం మీద రోజూ ఎంతమంది పెన్ డ్రైవులు గుచ్చుతారో మీకే తెలుసు. ఎప్పుడో వాడి కాయిన్లు పోతే మొదట గుర్తొచ్చేది మీ షాపే.

ఫ్లెక్సీ మీద ఇలా రాయించండి: ‘క్రిప్టో పన్ను లెక్కలు, స్టేట్‌మెంట్లు, సైబర్ ఫిర్యాదులు. కొనుట, అమ్ముట లేదు.’ రెండో వాక్యం పెద్దక్షరాల్లో ఉండాలి.

ప్రశ్న: ఇంటి నుంచే వీడియో ఎడిటింగ్ చేస్తాను. దుబాయ్ క్లయింటు జీతం యూఎస్‌డీటీలో ఇస్తానంటున్నాడు, చార్జీలు పడవట. తీసుకోవచ్చా?
– కూకట్‌పల్లి యువతి

జవాబు: బ్యాంకుకే పంపమనండి తల్లీ. విదేశీ క్లయింటుకి చేసిన పని డబ్బు బ్యాంకు ద్వారా వస్తే ఎగుమతి ఆదాయమని చూపడానికి కాగితం ఉంటుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకి ఎగుమతి వెసులుబాటు రావాలంటే అది తప్పనిసరి, యూఎస్‌డీటీని విదేశీ మారకంగా లెక్కలోకి తీసుకోరు. ఇప్పటికే కొంత తీసుకుని ఉంటే, అందిన రోజు దాని విలువ మీ వృత్తి ఆదాయం కింద చూపండి. తర్వాత అమ్మినప్పుడు అంతకంటే ఎక్కువొస్తే ఆ తేడా మీద 30 శాతం విడిగా పడుతుంది. అమ్మేటప్పుడు టెలిగ్రామ్‌లో రెండు రూపాయలు ఎక్కువిస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. ఎందుకో పైన తెనాలి ఆయనకి రాసింది చదవండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి నా పేర కొంత బిట్‌కాయిన్ గిఫ్టుగా వేస్తానంటున్నాడు. నాకు పన్ను పడుతుందా?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: కన్నకొడుకు ఇస్తే పడదమ్మా. చట్టం చెప్పిన దగ్గరి బంధువుల నుంచి వచ్చిన గిఫ్టుకి ఇక్కడ పన్ను లేదు. అదే అబ్బాయి స్నేహితుడు ఇచ్చి, విలువ ఏడాదిలో 50,000 దాటితే మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది. మీరు అమ్మిన రోజు మాత్రం లాభం మీద 30 శాతం తప్పదు. అమెరికా వైపు లెక్క అబ్బాయి అక్కడి ఆడిటర్‌తో చూసుకోవాలి. మీరు చేయాల్సింది, ఎంతకి కొన్నాడో, ఎప్పుడు కొన్నాడో, గిఫ్టుగా ఇస్తున్నానని ఒక ముక్కా రాసి ఈమెయిల్ పెట్టమనడం. అమ్మేటప్పుడు ఆ మెయిలే మీ ఆడిటరు మొదట అడిగేది.