టికెట్లు కొనేముందు స్కూల్ క్యాలెండర్ చూడండి

"ఆగస్టు ఆఖరుకి అమెరికా చేరతాం, స్కూళ్లు సెప్టెంబర్‌లోనే కదా తెరిచేది?" అని ప్రతి వేసవిలో ఎవరో ఒకరు అడుగుతుంటారు. న్యూజెర్సీలో ఉన్న బంధువులు చెప్పి ఉంటారు. వాళ్ల దగ్గర అది నిజమే. అక్కడ చాలా ఊళ్లలో లేబర్ డే, అంటే సెప్టెంబర్ మొదటి సోమవారం, దాటాకే బడి. మీరు దిగేది అట్లాంటా పక్కన ఫోర్సైత్ కౌంటీలో అయితే మాత్రం ఆగస్టు మొదట్లోనే క్లాసులు మొదలైపోయి ఉంటాయి.

ఈ విషయంలో వాషింగ్టన్ జోక్యం ఏమీ లేదు. 'ఫలానా తేదీకి ముందు ప్రభుత్వ బడి తెరవకూడదు' అని కొన్ని రాష్ట్రాలు చట్టం చేశాయి, జార్జియా లాంటివి చేయలేదు. చట్టం ఉన్నా లేకపోయినా అసలు తేదీ ఖరారు చేసేది మీ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ, కింద 'జిల్లా' అన్నది దీన్నే) బోర్డే. ఫ్లోరిడాలో ఆగస్టు 10కి ముందు కుదరదు. అయోవాలో ఆగస్టు 23, విస్కాన్సిన్‌లో సెప్టెంబర్ 1.

ఈ చట్టాల వెనక చదువు కన్నా టూరిజం ఎక్కువ. బడి ముందే తెరిస్తే ఆగస్టులో బీచ్‌లకీ పార్కులకీ వచ్చేవాళ్లు తగ్గుతారు, వేసవి ఉద్యోగాలు చేసే హైస్కూల్ పిల్లలూ దొరకరు. వర్జీనియాలో 1986లో వచ్చిన చట్టాన్ని జనం ఒక అమ్యూజ్‌మెంట్ పార్క్ పేరుతోనే 'కింగ్స్ డొమినియన్ చట్టం' అంటారు! 2019లో దాన్ని సడలించి, లేబర్ డేకి రెండు వారాల ముందు దాకా వెసులుబాటు ఇచ్చారు.

తల్లిదండ్రులకు ఇబ్బంది ఎక్కువగా కనిపించేది నార్త్ కరోలినాలో. 2004 చట్టం ప్రకారం ఆగస్టు 26కి దగ్గరగా ఉన్న సోమవారం కంటే ముందు తెరవకూడదు, జూన్ 11కి దగ్గరగా ఉన్న శుక్రవారం దాటి నడపకూడదు. దాంతో హైస్కూల్ మొదటి సెమిస్టర్ పరీక్షలు క్రిస్మస్ సెలవుల తర్వాత జనవరిలో పడతాయి. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (AP, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సుల) పరీక్షలు దేశమంతా మే నెలలోనే కాబట్టి ఆలస్యంగా మొదలుపెట్టిన పిల్లలకు చదివే రోజులు తక్కువ. కొన్ని జిల్లాలు విసిగిపోయి చట్టాన్ని పక్కన పెట్టి ముందే తెరిచాయి కూడా. నా మాట అడిగితే న్యాయం వాళ్ల వైపే ఉంది.

అదే రాష్ట్రంలో ఇంకో మెలిక ఉంది. చార్టర్ స్కూళ్లకూ (ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే బడులు) ఇయర్-రౌండ్ స్కూళ్లకూ (ఏడాది పొడవునా విడతలుగా నడిచే బడులు) ఈ తేదీలు వర్తించవు. మనవాళ్లు ఎక్కువగా ఉండే కేరీ, మోరిస్‌విల్ వైపు వేక్ కౌంటీలో ఇయర్-రౌండ్ బడులు చాలానే ఉన్నాయి. వాటిలో జూలైలోనే చదువు మొదలు: సుమారు తొమ్మిది వారాలు బడి, మూడు వారాలు సెలవు. అపార్ట్‌మెంట్ అడ్రస్‌ను బట్టి బడి కేటాయిస్తారు కాబట్టి లీజు మీద సంతకం పెట్టకముందే ఆ అడ్రస్‌కి ఏ బడి వస్తుందో, దానిది ఏ క్యాలెండరో చూసుకోండి.

టెక్సస్‌లో చట్టం ఆగస్టు నాలుగో సోమవారం అంటుంది. దాన్ని చదివి నిశ్చింతగా ఉండకండి. 'డిస్ట్రిక్ట్ ఆఫ్ ఇన్నోవేషన్' హోదా తీసుకున్న జిల్లాలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు దొరుకుతుంది. డాలస్ చుట్టుపక్కల చాలా జిల్లాలు అలా ఆగస్టు రెండో వారం ప్రాంతంలోనే తెరుస్తున్నాయి. మిషిగన్‌లోనూ అంతే: లేబర్ డే తర్వాతే అని చట్టం, మినహాయింపు తెచ్చుకున్న జిల్లాలు బోలెడు.

అందుకే చట్టం కన్నా మీ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోని క్యాలెండర్‌నే నమ్మండి. ఇండియా ప్రయాణాలకు ఇంకో లెక్క: ముందే తెరిచే చోట మే నెలాఖరుకే సెలవులు వస్తాయి, జూన్‌లో వెళ్లి జూలైలో తిరిగి రావడం నయం. టికెట్ చవగ్గా ఉందని మొదటి వారం ఎగ్గొట్టించకండి. మొదటి రోజుల్లో కనబడని పిల్లల పేర్లు కొన్ని జిల్లాలు తీసేస్తాయి, మళ్లీ అడ్రస్ ప్రూఫ్, టీకాల కాగితాలతో మొదటికి రావాలి.

కిండర్‌గార్టెన్ వయసు తేదీ దీనికి సంబంధం లేని వేరే విషయం. బడి ఎప్పుడు తెరిచినా టెక్సస్‌లో సెప్టెంబర్ 1 నాటికి, నార్త్ కరోలినాలో ఆగస్టు 31 నాటికి, వర్జీనియాలో సెప్టెంబర్ 30 నాటికి అయిదేళ్లు నిండాలి.