పెండ్లి ఫోటోల పనికి ల్యాప్‌టాప్: లక్ష పెట్టాలా, డెబ్బై వేలు చాలా?

ప్రశ్న: మాది దేవరకొండ. పెండ్లిళ్లకు ఫోటోలు తీసి, ఆల్బమ్‌లు నేనే డిజైన్ చేస్తాను. 2017లో కొన్న ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, విండోస్ 10 ఉన్నాయి. ఆల్బమ్ షీట్ తెరిస్తే ఆగిపోతున్నది. చేతిలో 90,000 రూపాయలున్నాయి, ఇంటి ఖర్చు నెలకు 18,000. మ్యాక్‌బుక్ తీసుకొమ్మని మిత్రుడు, విండోస్ బదులు లైనక్స్ వేస్తే ఖర్చే ఉండదని మా బావ అంటున్నారు. తక్కువపడ్డ డబ్బు రెండు రూపాయల మిత్తికి తేవాలా, నడుస్తున్న లక్ష రూపాయల చిట్టి ఎత్తుకోవాలా?

జవాబు: మీ చేతిలోని 90,000 మొత్తం ల్యాప్‌టాప్‌కు పెట్టదగిన డబ్బు కాదు. ఆషాఢంలోనూ, మూఢం ఉన్న రోజుల్లోనూ పెండ్లిళ్లు ఉండవు, ఇంటి ఖర్చు మాత్రం ఆగదు. అందువల్ల రెండు నెలల ఖర్చు, అంటే 36,000 రూపాయలు, ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మిగిలిన 54,000 మాత్రమే ఈ కొనుగోలుకు మీ సొంత పెట్టుబడి.

ఇక పనికి ఎంత యంత్రం కావాలో చూద్దాం. 12×36 అంగుళాల షీట్‌ను 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, తెరిస్తే దాదాపు 3 కోట్ల 89 లక్షల పిక్సెళ్లు అవుతాయి. ఒక్క లేయరే (డిజైన్‌లో ఒకదానిపై ఒకటి పేర్చే పొర) సుమారు 117 ఎంబీ ర్యామ్‌ను తీసుకుంటుంది; ఇరవై లేయర్లు చేరేసరికి 8 జీబీ యంత్రం ఆగిపోవడంలో వింత లేదు. మీకు 16 జీబీ తప్పనిసరి. ప్రాసెసర్ పేరు వెనుక పరుగెత్తి ర్యామ్ తగ్గించుకోవద్దు.

మీ మిత్రుడి మాటలో నిజముంది. మ్యాక్‌బుక్ ఎయిర్ తెర రంగులను నమ్మకంగా చూపిస్తుంది, బ్యాటరీ చాలాసేపు నిలుస్తుంది. 2025 మార్చిలో ఎం4 చిప్ ఉన్న ఎయిర్ మన దేశంలో 99,900 రూపాయలకు మొదలైంది, 16 జీబీ ర్యామ్‌తోనే. అయితే ఆ ధరకు వచ్చిన స్టోరేజీ 256 జీబీ. ఒక పెండ్లిలో 2,000 రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండా ఇచ్చే అసలు ఫోటోలు) తీస్తే, 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో 50 నుంచి 60 జీబీ అవుతాయి, కాబట్టి నాలుగు పెండ్లిళ్లకే అది నిండిపోతుంది. తర్వాత లోపల ర్యామ్ పెంచుకోవడానికి వీలు లేదు. పైగా విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన మీ పాత హార్డ్ డిస్కులను మ్యాక్ చదువుతుందే తప్ప, అదనపు సాఫ్ట్‌వేర్ లేనిదే వాటిలోకి రాయదు. ఆల్బమ్ మీద వధూవరుల పేర్లు తెలుగులో కొట్టడానికి మన డిజైనర్లు ఎక్కువగా వాడే అను ఫాంట్లకు అలవాటుపడిన చేతికి కూడా విండోస్ వదలడం సులువు కాదు.

మీ బావ చెప్పిన లైనక్స్ మంచిదే, ఉచితమే. డార్క్‌టేబుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రా ఫైళ్లను చక్కగా దిద్దవచ్చు. కానీ ఫోటోషాప్, లైట్‌రూమ్‌లను అడోబీ సంస్థ లైనక్స్‌కు తయారు చేయడం లేదు. మీరు పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైల్) టెంప్లేట్ల మీద పని చేసే మనిషి అయితే, లైనక్స్‌లో దొరికే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని తెరిచినప్పుడు కొన్ని లేయర్ల స్వభావం మారిపోయే ప్రమాదం ఉంది. సీజన్ నడుమ ఆ ప్రయోగం చేయమని నేను చెప్పలేను. పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం లైనక్స్ వేయండి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది; ఆ పాత యంత్రం లైనక్స్‌తో ఫోటోలు ఏరడానికి, కాపీలు దాచడానికి ఇంకా కొన్నేళ్లు పనికొస్తుంది.

కాబట్టి నా సలహా 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్న విండోస్ 11 ల్యాప్‌టాప్. 65 నుంచి 75 వేల మధ్య చూడండి. ఇక్కడ ఒక్క విషయంలో రాజీ పడవద్దు: తెర. తక్కువ ధర యంత్రాల్లో వచ్చే 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ రంగుల కొలత) తెర, ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు, ఫోటోలకు వాడే ప్రామాణిక రంగుల పరిధి) రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా సరిగా చూపించదు. తెర మీద బాగున్న పసుపు, కుంకుమ, పట్టుచీర ఎరుపు ల్యాబ్ నుంచి ప్రింటు వచ్చేసరికి మరో రంగులో కనిపిస్తాయి. షీట్లు మళ్లీ వేయించే ఖర్చు పెండ్లివారు ఇవ్వరు, మీ లాభంలోంచే పోతుంది. అందుకే 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని స్పష్టంగా రాసి ఉన్న మోడల్‌నే అడగండి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్తే, మీ సొంత రా ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అక్కడే తెరిచి చూడండి.

ల్యాప్‌టాప్ 72,000, రెండు బయటి హార్డ్ డిస్కులు, సాఫ్ట్‌వేర్ చందా కలిపి 13,000, మొత్తం 85,000 అనుకుందాం. తక్కువపడేది 31,000. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. ఈ లెక్కన నెలకు 620, ఏడాదికి 7,440 మిత్తికే పోతుంది. ఆ 99,900 మ్యాక్ కొంటే తక్కువపడేది దాదాపు 59,000, మిత్తి ఏడాదికి 14,160. చిట్టిలో పాట 20,000 దాకా పోతుంటే, 31,000 అవసరానికి అంత వదులుకోవడం సరికాదు. దాన్ని చివరిదాకా నడపండి.

సమయం ఉంటే బ్యాంకులో ముద్ర పథకం కింద శిశు రుణం అడగండి; 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. లేదంటే 41,000 ముందే కట్టి, మిగతా 31,000 ఆరు నెలల వాయిదాల్లో పెట్టుకోండి, అసలు కిందనే నెలకు సుమారు 5,200 పడుతుంది. చివరి వాయిదా ఆషాఢానికి ముందే ముగిసేలా చూసుకోండి. వడ్డీ లేని ఈఎంఐ అన్న మాటను నమ్మవద్దు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నగదుకు ఇచ్చే ధర, ప్రాసెసింగ్ రుసుము, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ మూడూ అడిగి పోల్చండి.

దుకాణంలో ఫోటోషాప్ ఉచితంగా వేసిస్తామంటే ఒప్పుకోవద్దు. దొంగ కాపీ అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం కింద కనీసం 50,000 రూపాయల జరిమానా, జైలు శిక్ష కూడా ఉన్నాయి. అలాంటి కాపీతో వచ్చే వైరస్ పెండ్లి ఫోటోలను తాళం వేస్తే తిరిగి తీయడానికి ఆ ముహూర్తం మళ్లీ రాదు. రెండు హార్డ్ డిస్కులు అడిగింది అందుకే: ఒకటి స్టూడియోలో, ఒకటి ఇంట్లో ఉంచండి.