కుక్కర్ ఎన్ని విజిళ్లు వేసింది?

చి. మాధురికి ఆశీస్సులు.

నీ కార్గిల్ యుద్ధం సీరియల్ స్క్రిప్టు మొదటి మూడు భాగాలూ చదివాను. ముఖపరిచయం లేని అమ్మాయిని ఏకవచనంలో పిలుస్తున్నందుకు ఏమీ అనుకోకు. మా మనవరాలి ఈడుదానివి. పైగా కోపం వచ్చినప్పుడు ‘మీరు’ అనడం నాకు చేతకాదు.

కోపం ఆరో పేజీ మీద. సిపాయి సూర్యం జేబులోంచి కాబోయే భార్య ఫోటో తీశాడు. నేను కళ్లజోడు పక్కన పెట్టి, ‘వీడు పోతాడు’ అన్నాను మా ఆవిడతో. ఎనిమిదో పేజీలో పోయాడు. ఫోటో బయటికి తీసిన సిపాయి బతికి బట్టకట్టిన కథ యాభై ఏళ్లలో నాకు ఒక్కటీ తగల్లేదు.

అంతకుముందు నాలుగో పేజీలో, ద్రాస్ పైన మంచు కొండ మీద, వాడి సెల్‌ఫోను మోగింది. అమ్మ మాట్లాడింది. 1999లో! జమ్మూకశ్మీర్‌కు సెల్‌ఫోను వచ్చిందే 2003లో. ఇన్సాస్ రైఫిల్ తూటా 5.56 మిల్లీమీటర్లని, బోఫోర్స్ గుండు 155 మిల్లీమీటర్లని ఎక్కడా తప్పు లేకుండా రాశావు. తుపాకుల గురించి అంత వెతికిన పిల్లవు, వాడు అమ్మతో ఎలా మాట్లాడతాడో వెతకలేదు. ఆ రోజుల్లో ఇన్‌లాండ్ లెటరు మీద ‘56 ఏపీఓ’ అని సైన్యం తపాలా చిరునామా రాసి డబ్బాలో వేస్తే అది ఎన్నాళ్లకో చేరేది. ‘చేలో మోటారు కాలిపోయింది, మీ నాన్న రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు’ అని అమ్మ రాసిందనుకో. ఆ ఉత్తరం కొండెక్కేసరికి ఇక్కడ మోటారు బాగవుతుంది, నాన్న కాఫీ బాగాలేదని మళ్లీ కేకలు వేస్తుంటాడు. కొడుకు మాత్రం పైన కూర్చుని కాలిపోయిన మోటారు గురించే కుమిలిపోతుంటాడు. నాలుగు భాగాలకు సరిపడే దిగులు అది. రెండు నిమిషాల ఫోనుతో తేల్చేశావు.

రిటైరైన సైనికాధికారిని సలహాదారుగా పెట్టుకోవాలా అని అడిగావు. పెట్టుకో, సెల్యూట్లు సరిగ్గా కొడతారు. 1989లో దూరదర్శన్‌లో వచ్చిన ‘ఫౌజీ’కి దర్శకుడే ఒక కల్నల్. అందుకే అందులో కుర్రాళ్లు నడిస్తే సైనికుల్లా నడిచారు. కానీ సలహాదారు కాపాడగలిగేది అంతవరకే. 2001లో అమెరికావాళ్లు ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’ తీశారు, రెండో ప్రపంచ యుద్ధంలో ఒక పారాచూట్ సైనికుల దళం కథ, పది భాగాల సీరియల్. నటులను ముందే పది రోజులు సైనిక శిక్షణలో పడేసి నలగ్గొట్టారు. బొత్తాం దగ్గర్నుంచి ట్యాంకు దాకా అన్నీ చూసుకున్నారు. అంతా చేసి, మూడో భాగం చివర ఆల్బర్ట్ బ్లైత్ అనే సైనికుడు గాయాల నుంచి కోలుకోక 1948లో చనిపోయాడని తెర మీద అక్షరాలు వేశారు. ఆయన కోలుకున్నాడు, సైన్యంలోనే కొనసాగాడు, కొరియాకూ వెళ్లాడు, పోయింది 1967లో. బొత్తాలు లెక్కపెట్టినవాళ్లు ఒక మనిషి ఆయుష్షులో పంతొమ్మిదేళ్లు కోసేశారు.

అయినా ఆ సీరియల్ అంటే నాకు ప్రాణం. ఎందుకో చెప్పాలంటే ముందు మా వీధి హవల్దారు గారి సంగతి చెప్పాలి.

ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలటరీ మాధవరం అంటారు, తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊరు. ఆయన 1971 యుద్ధంలో తూర్పు బెంగాల్ వైపు, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌కు, వెళ్లి వచ్చాడు. నేనప్పుడు కొత్త రచయితను, నీలాగే. యుద్ధం గురించి ఒక కథ రాసి, గొప్పగా ఆయనకు చదివి వినిపించాను. అంతా విని, ‘బాగుందండీ, మీ సిపాయికి ఒక్కసారి కూడా కాళ్లు తడవలేదు’ అన్నాడు. తర్వాత గంటసేపు జురాబుల గురించే మాట్లాడాడు. మేజోళ్లని ఆయన అనేవాడు కాదు, జురాబులే. ఆ దేశమంతా నీళ్లూ బురదా. తడిసిన జతను చొక్కా లోపల పొట్టకు చుట్టుకుని ఒంటి వేడితో ఆరబెట్టుకునేవారట. అలా ఆరబెట్టిన జతను పక్కవాడికి ఇచ్చాడంటే వాడు అన్నదమ్ముడి కింద లెక్క. ‘మరి శత్రువు?’ అన్నాను. ‘ఉన్నాడండీ, ఉండకేం’ అని మళ్లీ జురాబుల దగ్గరికే వెళ్లాడు.

ఆ కథ చింపేసి, మేజోళ్ల మీద ఒక నాటిక రాసి రేడియోకు పంపాను. అక్కడి పెద్దమనిషి ఒకాయన నన్ను పిలిపించి, కుర్చీ అయినా చూపించకుండా, ‘సైనికుడి నోట మేజోళ్లేమిటయ్యా, శ్రోత రేడియో కట్టేస్తాడు. దేశభక్తి పెట్టు’ అన్నాడు. పెట్టాను. ప్రసారమైంది. ఆ రాత్రి హవల్దారు గారు మా అరుగు మీదే కూర్చుని మొత్తం విన్నాడు, ఒక్క మాట అనకుండా లేచి వెళ్లిపోయాడు. ఆ సిగ్గు నాకింకా ఆరలేదు. ఇప్పటివాళ్లు అదే మాటను ‘ఎలివేషన్’ అంటున్నారు. నీ మూడు భాగాల్లో పదకొండు చోట్ల స్లో మోషన్ అని రాశావు, లెక్కపెట్టాను. పదకొండూ కొట్టేశాను.

ఇక బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌లో ఆరో భాగం. 1944 డిసెంబరు, బెల్జియంలో బాస్టోన్ ఊరిని జర్మన్లు చుట్టుముట్టారు. కథ మొత్తం యూజీన్ రో అనే వైద్య సిపాయి వెంట నడుస్తుంది. మంచులో గొయ్యి గొయ్యికీ వెళ్లి అడుగుతుంటాడు: మార్ఫిన్ ఉందా, కట్లు ఉన్నాయా, కత్తెర ఉందా. కత్తెర! అంత పెద్ద యుద్ధంలో ఆ మనిషి వెతుకులాట ఒక కత్తెర కోసం. అది చూస్తున్నప్పుడు మా హవల్దారు గారు నా పక్కన కూర్చున్నట్టే ఉంది.

ఆ రో అందరినీ ఇంటిపేర్లతోనే పిలుస్తాడు. హెఫ్రన్ అనే కుర్రాడిని స్నేహితులంతా ‘బేబ్’ అంటారు, ఈయన మాత్రం హెఫ్రన్ అనే అంటాడు. ఊళ్లో చర్చిలో గాయపడినవాళ్లకు సేవ చేసే నర్సు ఒకామె తలకు నీలం గుడ్డ కట్టుకుని ఉంటుంది. బాంబులు పడి ఆ చర్చి కూలిపోతుంది. శిథిలాల్లో ఆ గుడ్డ ఒక్కటే కనిపిస్తే తీసి జేబులో పెట్టుకుంటాడు. చివర్లో హెఫ్రన్ చెయ్యి తెగితే కట్టడానికి ఏమీ ఉండదు. కాసేపు తటపటాయించి ఆ నీలం గుడ్డనే చింపి కడతాడు. కడుతూ ‘బేబ్’ అంటాడు. ‘నన్ను బేబ్ అన్నావు’ అంటాడు కుర్రాడు. ‘అన్నానా? ఎప్పుడు?’ అంటాడీయన. అంతే. ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. పాత్ర మారడం అంటే నాకు తెలిసింది అదే. నీ కెప్టెన్ మూడో భాగంలో ‘ఈ యుద్ధం నన్ను మార్చేసింది’ అంటాడు. ఆ మాట ఆయన నోట్లోంచి తీసెయ్. మారితే పిలుపులో మారనీ, అన్నం తినే తీరులో మారనీ. పక్కవాళ్లు కనిపెడతారు.

సినిమాకు లేని ఆస్తి సీరియల్‌కు ఒకటుంది: కాలం. కొరియా యుద్ధం మూడేళ్లు జరిగితే, అందులో ఒక సైనిక ఆసుపత్రి మీద తీసిన అమెరికా సీరియల్ ‘మ్యాష్’ 1972 నుంచి 1983 దాకా పదకొండేళ్లు నడిచింది. లెక్కకు అబద్ధమే, కానీ ఆ పదకొండేళ్లలో వెకిలి జోకులకు గురిగా మొదలైన మార్గరెట్ అనే హెడ్ నర్సు నిండు మనిషై నిలబడింది. ఫ్రాంక్ బర్న్స్ అనే డాక్టరును మాత్రం మొదటి రోజు ఎంత పిరికివాడో ఐదో ఏడాదికీ అంతే పిరికివాడిగా ఉంచారు. ఆ వేషంలో ఇక చేయడానికి ఏమీ లేదని నటుడే వెళ్లిపోయాడు. నీ పాకిస్తానీ మేజరును ఒకసారి ఆ కంటితో చూసుకో.

అదే మ్యాష్‌లో మూడో ఏడాది చివర, 1975లో, ఆ ఆసుపత్రి పెద్ద కల్నల్ బ్లేక్ ఇంటికి బయలుదేరతాడు. అందరూ నవ్వుతూ సాగనంపుతారు. తర్వాత ఆపరేషన్లు జరుగుతున్న గదిలోకి గుమస్తా వచ్చి, ఆయన విమానాన్ని కూల్చేశారని, ఎవరూ మిగల్లేదని చదువుతాడు. ఆ ఆఖరి పేజీని నటుల్లో చాలామందికి చివరిదాకా చూపించలేదట. చదవడం అయ్యాక ఎవరి చేతిలోంచో ఒక పనిముట్టు జారి ఖంగుమంటుంది. ఎవరూ కుట్లు వేయడం ఆపరు. జనం కోపంతో ఉత్తరాలు రాశారు. మూడేళ్లు తమ ఇంట్లో తిరిగిన మనిషి కదా. మీ సూర్యం మా ఇంట్లో పట్టుమని పది పేజీలు కూడా కూర్చోలేదమ్మా, నేనెందుకు ఏడవాలి?

ఏ ఓటీటీకి పంపాలి, ఎంత అడగాలి అన్నవి నన్ను అడగకు. పేరు మార్చాలా అన్నది తర్వాత చూద్దాం.

ఇంతకీ ఈ ఉత్తరం రాయించింది రెండో భాగంలో పద్నాలుగో పేజీ. లంగర్‌లో, అదే సిపాయిల వంటశాలలో, వంటవాడు, పేరు కూడా పెట్టలేదు నువ్వు, గుండ్లు పడుతుంటే గోడకు ఆనుకుని కుక్కర్ విజిళ్లు లెక్కపెడుతుంటాడు. మూడు వాక్యాలు. పదిహేడు వేల అడుగుల ఎత్తున నీళ్లు 83 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకపోతే బియ్యం ఉడకవు. గుండు పడిన ప్రతిసారీ విజిల్ వినపడక వాడి లెక్క తప్పుతుంది. ఆ మూడు వాక్యాలు రాసిన మనిషే సెల్‌ఫోనూ రాసిందంటే నమ్మలేక రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

మొదటి భాగాన్ని ఆ వంటవాడితో మొదలుపెట్టు. సూర్యం వాడి దగ్గరికి రోజూ మాడు గీక్కోవడానికి వస్తాడనుకో. ఐదు భాగాల దాకా చంపకు. ఆ ఫోటో ఎక్కడైనా పారెయ్. వంటవాడికి పేరు పెట్టు. ఆ రోజు విజిళ్లు ఎన్ని వచ్చాయో, అన్నం ఉడికిందో పలుకుగానే దింపాడో నువ్వు రాయలేదు. అది తెలుసుకుని రాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ప్రింటు తీయించు, నా కళ్లు మునుపటిలా లేవు.

ఉంటాను.